రెండున్నర రెట్లు

ఉపన్యాసం పూర్తయి, చప్పట్లు ఆగి, వక్త కోటు తొడుక్కుని వెళ్ళిపోయాక ఒక పది నిమిషాలు ఉంటాయి. జనం వెంటనే లేవరు. మైకులో అడగడానికి మొహమాటపడిన ప్రశ్నలన్నీ అప్పుడు బయటికి వస్తాయి. జవాబు చెప్పడానికి వక్త ఉండడు, మీరుంటారు. ఇలాంటి సభలు ఇప్పుడు నడుపుతున్న చిన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ పది నిమిషాల్లో నేనొకసారి ఒక లెక్క చెప్పాను. లెక్క తప్పు కాదు. అయినా ఒక మనిషి ప్రాణం పోవలసింది.

అమెరికాలో షామ్‌బర్గ్ పక్కనున్న ఒక ఊరి పబ్లిక్ లైబ్రరీలో పద్నాలుగేళ్ళు పనిచేసి, కిందటి వసంతంలో మానేశాను. నెలకి రెండు ఆదివారాలు ఎవరైనా వచ్చి వినగలిగే ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం నా పని. ఒక వారం గుండెజబ్బులు, ఒక వారం నక్షత్రాలు, ఒక వారం గుడి శిల్పాలు. వేసవిలో మనవాళ్ళ అమ్మానాన్నలు విజిటర్ వీసాల మీద వస్తారు గనక జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకొకటి తెలుగులో పెట్టేవాళ్ళం. కుర్చీలు ఎన్ని వేయాలో నేను ముందే చెప్పేదాన్ని. నిద్ర అంటే నూట పది, మోకాళ్ళ నొప్పులంటే తొంభై, శిల్పాలకి యాభై, నక్షత్రాలకి ముప్పై అయిదు. బయట మబ్బు పడితే నక్షత్రాలకి ఇరవై అయిదే. హాల్లో కూర్చుని వినేదానికి మబ్బుతో ఏం పని అని మా మేనేజరు నవ్వేది. కానీ ఆ లెక్క ఎప్పుడూ నాలుగైదు కుర్చీల కంటే తప్పలేదు.

నేను చదివింది బి.ఏ. తెలుగు. భర్త వీసా మీద డిపెండెంటుగా వచ్చి, ఉద్యోగం చేయడానికి అనుమతి లేని ఏడేళ్ళు ఇదే లైబ్రరీలో ఒక మూల కూర్చుని లెక్కలు నేర్చుకున్నాను. భిన్నాల దగ్గర మొదలుపెట్టి సంభావ్యత, గణాంకాల దాకా వెళ్ళాను. పరీక్ష పెట్టేవాళ్ళు లేరు కాబట్టి ఎవరేం అడిగినా అదే నా పరీక్ష అనుకునేదాన్ని. అడిగితే చాలు, జవాబు నోటికి వచ్చేసేది. దాన్ని సుగుణం అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

ఆ ఆదివారం విషయం మధుమేహం. వక్త మన తెలుగు డాక్టరే, వరంగల్ అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నది. నూట పద్దెనిమిది మంది వచ్చారు. తలుపు దగ్గర క్లిక్కర్ పట్టుకుని నేనే లెక్కపెట్టాను. ఎవరు వచ్చారన్నది మాత్రం రాసుకోలేదు. ఎవరేం చదివారో, ఏ సభకి వచ్చారో లైబ్రరీ నమోదు చేసుకోదు. అది మా దగ్గర కట్టుదిట్టమైన నియమం, నాకు ఇష్టమైన నియమం కూడా.

డాక్టరు ఉపన్యాసంలో ఒక మాట స్పష్టంగా చెప్పింది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఇన్సులిన్ సీసాల్లో చాలావాటిలో ఒక మిల్లీలీటరుకి నలభై యూనిట్లు ఉంటాయి. ఇక్కడి సీసాలో వంద. సూదుల మీద గీతలు కూడా దేనికది వేరుగా ఉంటాయి. అక్కడి సీసాకి అక్కడి సూది, ఇక్కడి సీసాకి ఇక్కడి సూది, రెండూ కలపొద్దు, సందేహం ఉంటే వచ్చి అడగండి అని చెప్పి, ఆస్పత్రి నుంచి పిలుపు రావడంతో ప్రశ్నలు పూర్తికాకుండానే వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చిందావిడ. డెబ్బై దాటి ఉంటాయి. నేతచీర మీద ఆకుపచ్చ స్వెట్టరు.

"అమ్మాయ్, నా సూదులు అయిపోయినయ్యి. మావాడు ఇక్కడివి తెచ్చాడు. ఆ గీత దాకానే లాగుతున్నా. మూడు రోజుల్నించి షుగరు మూడొందలు దాటతంది. సీసా మాత్రం మనదే."

"ఎన్ని యూనిట్లు వేసుకుంటారండీ?"

"పొద్దున ముప్పై, సాయంత్రం ఇరవై. పదేళ్ళ నుంచీ అదే."

నాకు వెంటనే అర్థమైంది. ఇక్కడి సూదిలో ముప్పై గీత దాకా అక్కడి మందు లాగితే ఒంట్లోకి వెళ్ళేది పన్నెండే. షుగరు పెరగక ఏమవుతుంది? వందని నలభైతో భాగిస్తే రెండున్నర. నేను వైట్‌బోర్డు దగ్గరికి వెళ్ళి పెద్ద అక్షరాలతో రాశాను: 30 అంటే 75. 20 అంటే 50.

"ఈ సూదిలో పొద్దున డెబ్బై ఐదు దాకా, సాయంత్రం యాభై దాకా లాగండి," అన్నాను.

"డెబ్బై అయిదే? అంత ఎక్కువ కాదా తల్లీ?"

"ఎక్కువ కాదండీ, అంతే అవుతుంది. లెక్క."

పక్కనున్న పెద్దాయన ఒకరు, "మేడమ్‌కి కాలిక్యులేటరు అక్కర్లేదండీ, నోట్లోనే ఉంటది," అన్నారు. నలుగురు నవ్వారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి బోర్డుకి ఫోటో కొట్టారు. నాకు సంతోషంగా ఉంది, ఆ మాట దాచను.

ఆవిడ వెళ్తూ వెళ్తూ వేళ్ళ మధ్య కాస్త ఎడం చూపించి, "ఇంక పావు సీసా ఉందిలే. అదయ్యాక మావాడు ఇక్కడి మందే తెచ్చి ఫ్రిజ్జులో పెట్టాడు," అంది.

"మంచిదండీ," అన్నాను. కుర్చీలు మడవడం మొదలుపెట్టాను.

మర్నాడు సోమవారం పది గంటలకి డెస్క్ దగ్గర కూర్చుని, అభిప్రాయాల కాగితాలు లెక్కపెడుతుంటే ఫోన్‌లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు మోగింది. మా బోర్డు ఫోటో, నా చేతిరాత. కింద ఎవరో రాశారు: షుగర్ పేషెంట్లకి ముఖ్య గమనిక, ఇండియా డోసు అమెరికాలో రెండున్నర రెట్లు వేసుకోవాలి.

మొదట కోపం వచ్చింది. నేనలా అనలేదే అనుకున్నాను. నేనన్నది అక్కడి మందు ఇక్కడి సూదిలో లాగితే అని. తర్వాత ఫోటోలో బోర్డు వైపు మళ్ళీ చూశాను. మందు సంగతి బోర్డు మీద ఎక్కడా లేదు. 30 అంటే 75. అంతే ఉంది. నేను రాసిందే వాళ్ళు చదివారు.

అప్పుడు ఆవిడ చివరి మాట గుర్తొచ్చింది. ఇక్కడి మందు ఫ్రిజ్జులో ఉంది.

ఇక్కడి సీసా, ఇక్కడి సూది. రెండూ సరిపోయిన రోజున ముప్పై అంటే ముప్పైయే. కానీ ఆవిడ డెబ్బై ఐదు దాకా లాగుతుంది. నేను చెప్పాను కాబట్టి లాగుతుంది. డెబ్బై ఏళ్ళ మనిషి ఒంట్లోకి ముప్పై వెళ్ళాల్సిన చోట డెబ్బై ఐదు వెళ్తే షుగరు పడిపోతూనే ఉంటుంది. చెమటలు, తికమక, తర్వాత స్పృహ ఉండదు. ముందురోజే మా హాల్లో స్లయిడ్ల మీద ఇవన్నీ వరసగా చూపించారు. తెలుగు అనువాదం నేనే చేశాను.

చేతనైన పని ఒకటే కాబట్టి లెక్క వేశాను. అక్కడి సీసా పది మిల్లీలీటర్లు, అంటే నాలుగు వందల యూనిట్లు. పావు సీసా వంద. ఆదివారం సాయంత్రం ఇరవై, సోమవారం పొద్దున ముప్పై, సాయంత్రం ఇరవై, మంగళవారం పొద్దున ముప్పై. సరిగ్గా వంద. మంగళవారం సాయంత్రం ఆవిడ కొత్త సీసా తెరుస్తుంది. నాకు ఒకటిన్నర రోజు ఉంది.

కానీ ఆ పావు ఎక్కడిది? ఆవిడ కంటిచూపు కొలిచిన పావు. పావు అన్నది పావుకి కాస్త తక్కువైతే మంగళవారం పొద్దుటికే అయిపోతుంది. నా లెక్కకి ఆధారం ఒక ముసలావిడ గాలిలో చూపించిన వేళ్ళ ఎడం.

డాక్టరుకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అక్కా, నేను రెండు కలపొద్దని చెప్పిన కదా."

"చెప్పావు."

"నువ్వే తెలుగుల రాసినవ్ ఆ స్లయిడు."

"రాశాను. లెక్క మాత్రం తప్పు కాదమ్మా."

"కరెక్టే. అందుకే నాకు భయమైతుంది. తప్పు లెక్కయితే ఎవరో ఒకరు పట్టుకుంటుండె. ఆమె పేరేంది?"

"తెలీదు."

"ఎక్కడుంటరు?"

"తెలీదు."

"ఎంతమంది వచ్చిన్రో మాత్రం తెలుసు కదా," అంది. వెటకారం కాదు, అలసటే. తర్వాత తనే అంది, "సరే, నేను ఒక వాయిస్ మెసేజ్ పంపిస్త. అన్ని గ్రూపులల్ల పెట్టు. నువ్వు ఫార్మసీలకు ఫోన్లు చెయ్యి. ఇక్కడి మందు తెచ్చిన్రంటే ఏదో ఒక ఫార్మసీల ఆమె పేరు ఉంటది."

మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది మొత్తం చెప్పాను. ఆవిడ అమెరికన్, ఈ లైబ్రరీలో ముప్పై ఏళ్ళుగా ఉంది. కెమెరాలో ఆవిడ ముఖం చూడొచ్చా అని అడిగాను. తలుపుల దగ్గర ఉన్న ఒకే కెమెరాలో స్వెట్టరు వెనకభాగం, పక్కన కొడుకు కాబోలు, ఒక భుజం కనిపించాయి. ముఖం చూసినా పేరు రాదు కదా అంది. నిజమే. ఆ నియమానికి నేను ఎన్నిసార్లు చప్పట్లు కొట్టానో అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ తన గది ఖాళీ చేసి, ఫోన్ నా ముందుకి జరిపి, "ఇక్కడ కూర్చుని చెయ్యి, డెస్క్ నేను చూసుకుంటాను," అంది.

డాక్టరు గొంతు పదకొండు గ్రూపుల్లో పెట్టాను. గంటలో నలభై ఒక్క నమస్కారాలు వచ్చాయి. నా ఫోటో మీద మాత్రం చాలాసార్లు ఫార్వర్డ్ అయిందన్న గుర్తు అప్పటికే పడింది. ఒకతను, "ఆంటీ, నిన్నటిది ఫేక్ న్యూసా మరి?" అని అడిగాడు. కాదు బాబూ, అది నిజమే, కానీ అని టైపు చేసి, కానీ తర్వాత ఏం రాయాలో తోచక చెరిపేశాను. "అందరూ డిలీట్ చేయండి ప్లీజ్" అని మాత్రం పెట్టాను. దానికి ఇంకో ఆరు నమస్కారాలు.

పది మైళ్ళలోపు ఫార్మసీలు పదిహేడు. దగ్గరి దాన్నుంచి మొదలుపెట్టాను. రోగుల వివరాలు చెప్పరు, చెప్పకూడదు. కొందరు విననే లేదు. ఒకచోట ఇరవై రెండు నిమిషాలు సంగీతం వినిపించి ఫోన్ పెట్టేశారు. ఎనిమిది అయ్యాయి. మధ్యాహ్నం మూడున్నర దాటింది. ఇంకో మూడు గంటల్లో ఆవిడ సాయంత్రం సూది వేసుకుంటుంది. అప్పటికి పాత సీసాలో కనీసం ఇరవై యూనిట్లు ఉండాలి అని దేవుడితో బేరం పెట్టుకున్నట్టు మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను.

తొమ్మిదో ఫార్మసీలో ఒకతను ఓపికగా విన్నాడు. ఉచ్చారణను బట్టి గుజరాతీ అనుకుంటాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడ, ఇన్సూరెన్సు ఉండకపోవచ్చు, ఈ నెలలోనే ఇన్సులిన్ కొని ఉంటారు అని చెప్పాను.

"అలాంటి పేషెంటు మాకు ఉన్నారో లేదో నేను చెప్పలేను," అన్నాడు.

"చెప్పొద్దు. వినండి చాలు," అని బోర్డు మీద నేనేం రాశానో చెప్పాను.

"పొద్దున డోసు ఎంతన్నారు?"

"ముప్పై. సాయంత్రం ఇరవై."

కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత ఆగిపోయింది.

"మీ నంబరు ఇవ్వండి," అన్నాడు. ఇచ్చాను. "థాంక్స్. నేనిప్పుడు ఒక ఫోన్ చేసుకోవాలి."

అతనేమీ చెప్పలేదు. కానీ చెప్పాడు. ఆ మాట మీద నమ్మకం ఎంత ఉంచాలి? నా అలవాటు ప్రకారం శాతం వేయబోయాను. ఎనభై అనుకున్నాను, అరవై అనుకున్నాను. మిగిలిన ఎనిమిది ఫార్మసీలకి కూడా ఫోన్ చేశాను. సాయంత్రం దాకా ఎవరి నుంచీ కబురు లేదు. ఇంటికెళ్ళి భోజనం ముందు కూర్చుని ముద్ద కలిపాను, తినలేదు. ఆవిడ కూడా ఇప్పుడే తింటూ ఉంటుంది, సూది వేసుకుని ఉంటుంది, ఏ సీసాలోంచి అన్న ప్రశ్న ఒక్కటే.

మంగళవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి తెలియని నంబరు నుంచి ఫోన్.

"మేడమ్, సండే లైబ్రరీలో మా అమ్మకి ఇన్సులిన్ లెక్క చెప్పింది మీరేనా?"

"నేనేనండీ. ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఒక్క నిమిషం, నన్ను చెప్పనీయండి." "ఫార్మసీ వాళ్ళు నిన్న రెండుసార్లు కాల్ చేశారంట. అన్‌నోన్ నంబర్ అని నేను ఎత్తలేదు. స్పామ్ అనుకున్నా. ఇందాక వాయిస్‌మెయిల్ ఫుల్ అయిందని డిలీట్ చేద్దామని ఓపెన్ చేస్తే ఇది విన్నా. అప్పటికి అమ్మ సిరంజి లోడ్ చేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది."

"వేసుకున్నారా?"

"లేదు. ఇడ్లీ ఇంకా కాలేదు. ప్లేటు ముందు పెడితేనే సూది వేసుకుంటుంది అమ్మ. ఎప్పుడో ఊళ్ళో సూది వేసుకున్నాక అన్నం లేటై ఒకసారి పడిపోయింది, అప్పట్నించీ అంతే. ఈరోజు మేము లేటుగా లేచాం."

సీసా సంగతి అడిగితే అతనే చెప్పాడు. ఆవిడ పావు నిజంగానే పావు కాదు. అడుగున కాస్త మిగిలితే పారేయడం ఇష్టంలేక అదంతా లాగి, తక్కువ పడ్డది కొత్త సీసాలోంచి నింపింది. ముప్పై అయిదు దాకా పాతది, అక్కణ్ణుంచి డెబ్బై ఐదు దాకా కొత్తది. పాతది పద్నాలుగు యూనిట్లు, కొత్తది నలభై. ముప్పై వెళ్ళాల్సిన చోట యాభై నాలుగు. ఆ సాయంత్రం ఇరవైకి బదులు యాభై, మర్నాడు పొద్దున డెబ్బై ఐదు. ఫోన్ చెవి దగ్గరుండగానే ఇదంతా నా తలలో దానంతటదే జరిగిపోయింది. ఆపుదామన్నా ఆగలేదు.

"డబ్బా మీద ముప్పై అనే ఉంది మేడమ్," అన్నాడతను. "నేనే అడిగా, అమ్మా ఇక్కడ థర్టీ అని ఉంది కదా అని. లైబ్రరీలో చదువుకున్నావిడ ఈ సూదికి డెబ్బై అయిదని చెప్పింది, నీకేం తెలుసు అంది." తర్వాత, "మీరు డాక్టరా?" అన్నాడు.

"కాదు."

"నర్సా?"

"కాదు."

"మరెందుకు చెప్పారు?"

"నాకు తెలుసు కాబట్టి చెప్పానండీ," అన్నాను. అంతకంటే నిజమైన జవాబు అప్పటికీ ఇప్పటికీ నా దగ్గర లేదు.

అతను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అటువైపు ఏదో గొణుగుడు వినిపించింది. "అమ్మ మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది," అని అడ్రసు చెప్పాడు.

జరిగింది జరిగినట్టు ఒక పేజీలో రాసి మేనేజరుకి ఇచ్చాను. ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. వక్త వెళ్ళాక మందుల గురించి ఎవరూ ఏ అంకె కూడా చెప్పకూడదన్న నియమం మాత్రం ఆ వారమే వచ్చింది. ఎవరైనా అడిగితే వాళ్ళ ఫోన్ నంబరు, ప్రశ్న ఒక కాగితం మీద వాళ్ళ అనుమతితోనే రాసుకుని డాక్టరుకి పంపుతాం. ఫోటో సంగతి ఏమైందంటారా? మూడేళ్ళ తర్వాత ఎక్కడో ఇంకో రాష్ట్రంలో, షాంటిలీలో ఉండే మా బంధువు ఒకామె నాకే పంపింది, ఇది నిజమేనా అని అడుగుతూ. చేతిరాత నాదని ఆమెకి తెలీదు. ఎంతమంది చూసి ఉంటారో నా దగ్గర లెక్క లేదు. ఎవరికైనా ఏమైనా అయిందో లేదో తెలుసుకునే దారీ లేదు. చిన్నవాళ్ళు తప్పు చెప్పకూడదని భయపడతారు, అది మంచిదే. సరిగ్గా చెప్పేటప్పుడు కూడా కాస్త భయపడండి. మనం చెప్పింది మనం చెప్పిన చోటే ఆగదు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది, అదే స్వెట్టరు. నేను క్షమించమని అడగబోతే చెయ్యి ఊపేసింది.

"నాకేం గాలేదుగా. కూర్చో. కాఫీ తాగుతావా, టీ తాగుతావా?"

"ఏమీ వద్దండీ."

"అదేంటి, భయపడి చచ్చిపోయేలా ఉన్నావు. తాగు."

లోపలికెళ్ళి చిన్న స్టీలు పళ్ళెం పట్టుకొచ్చింది. అందులో పొద్దుటి సూది, మూత పెట్టి ఉంది. మందు అలాగే ఉంది.

"మావాడు పారేయమన్నాడు. నువ్వు చూడకుండా ఎట్టా పారేస్తా? తప్పు నీదేనంట, నాదేం లేదంట. నాకు నమ్మకం కుదరలా. నేను సరిగ్గా లాగానో లేదో చూసి చెప్పమ్మాయ్."

కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పట్టుకుని చూశాను. ఆ సూదిలో గీతలు రెండేసి యూనిట్లకి ఒకటి. డెబ్బై అయిదుకి గీత ఉండదు. డెబ్బై నాలుగుకీ డెబ్బై ఆరుకీ నడుమ ఆపుకోవాలి. ఆ వయసు కళ్ళతో, ఆ వేళ్ళతో ఎంతసేపు పట్టిందో.

లోపలి రబ్బరు బిరడా నల్లటి అంచు రెండు గీతలకీ సరిగ్గా మధ్యలో ఉంది.